ట్రాస్తెవెరేలో తినాలా, నది దాటి పోవాలా?

విశాఖ_సుధ:
ఏప్రిల్‌లో అమ్మానాన్నలతో రోమ్ వెళ్తున్నాం. రూమ్ ట్రాస్తెవెరేలో, శాంతా మరియా చర్చి వెనక సందులో దొరికింది. నాన్న శాకాహారి. షుగర్ ఉంది, రాత్రి ఏడు దాటితే ఆగలేరు. ఆఫీసులో ఒకావిడ "ఆ పేటంతా టూరిస్టులను దోచుకోవడానికే, అక్కడ మాత్రం తినకండి" అని భయపెట్టింది. నిజమేనా? మంచి చోటు ఎలా కనిపెట్టాలి?

తురిన్_కుర్రాడు:
నిజమేనండీ. లుంగరెట్టా వీధిలో నడిచి చూడండి, అడుగడుక్కీ ఒకడు మెనూ పట్టుకుని "ప్లీజ్, ప్లీజ్" అంటాడు. పిలిచిన చోటికి వెళ్ళొద్దు. బయట ఫొటోలు పెట్టిన మెనూ, ఐదారు భాషల మెనూ, సాయంత్రం ఐదింటికే స్పగెట్టి వడ్డించే చోటు, వీటికి దూరంగా ఉండండి. రోమ్‌లో రాత్రి వంట మొదలయ్యేదే ఏడున్నర ప్రాంతంలో. కార్బొనారా అనే పాస్తాలో క్రీమ్ వేశారంటే లేచి వచ్చేయండి. అందులో ఉండాల్సింది గుడ్డు, పెకొరీనో చీజ్, గ్వాంచాలే అనే పంది దవడ మాంసం, మిరియాలు. అంతే.
నా మాట వింటే టైబర్ నది మీదున్న సుబ్లీచియో వంతెన దాటి టెస్టాచ్చో అనే పేటకి వెళ్ళండి. 1975 దాకా ఊరి కబేళా అక్కడే ఉండేది. పనివాళ్ళకు కూలిలో భాగంగా పేగులు, తోక లాంటివి ఇచ్చేవాళ్ళు. వాటితో పుట్టిందే అసలు రోమన్ వంట.

మిర్చిబజ్జీ:
శాకాహారి నాన్నగారిని కబేళా పేటకి పంపుతున్నారు. శభాష్.

గుంటూరు_పద్మ:
తురిన్ అబ్బాయిగారూ, మీ రూల్స్ చదివితే అక్కడ ఆకలేసిన మనిషి పస్తుండాల్సిందే. పోయినేడాది మా అత్తమామలతో వెళ్ళాం. ఫొటోల మెనూ ఉన్నచోటే తిన్నాం. మా మామయ్యగారికి ఇంగ్లిషు రాదు, ఫొటో చూపిస్తేనే అర్థమైంది. పాస్తా బాగానే ఉంది. ఐదు భాషల్లో రాస్తే వంట చెడిపోతుందా? శాంతా చెచీలియా చర్చి వైపు దా ఎంజో అని చిన్న హోటల్ ఉంది, తలుపు తీయకముందే క్యూ. క్యూలో నాకు కనిపించినవాళ్ళు దాదాపు అందరూ విదేశీయులే. మరి దాని పేరేమైనా చెడిందా?
మాకు నచ్చనిదల్లా బిల్లు. "పానే (బ్రెడ్) ఎ కొపెర్తో" అని మనిషికి రెండు యూరోలు వేశారు. బ్రెడ్ మేము అడగనే లేదు.

తురిన్_కుర్రాడు:
అదే నేను చెప్పేది. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో కొపెర్తో, అంటే కుర్చీలో కూర్చున్నందుకు డబ్బులు, వసూలు చేయకూడదని 2006లోనే చట్టం వచ్చింది. బ్రెడ్‌కి తీసుకోవచ్చు, అది మెనూలో రాసి ఉండాలి. వద్దంటే తీసుకెళ్ళిపోవాలి. మీరు నిలదీసి అడగలేదు కాబట్టి డబ్బులిచ్చారు.

గుంటూరు_పద్మ:
మేము బ్రెడ్ అడగలేదు కాబట్టే డబ్బులివ్వకూడదు!

తురిన్_కుర్రాడు:
బుట్ట తెచ్చిపెట్టినప్పుడు వద్దనాలండీ. తిన్నారా లేదా?

గుంటూరు_పద్మ:
అత్తయ్యగారు ఒక ముక్క తిన్నారు. ఒక ముక్కకి ఎనిమిది యూరోలా?

సికింద్రాబాద్_శీను:
అన్నా, అక్కా, ఎనిమిది యూరోల లొల్లి తర్వాత చూసుకుందురు. ఆమె అడిగింది ఏడింటికి ఏం తినాలని.

తురిన్_కుర్రాడు:
ఎనిమిది యూరోలని తేలిగ్గా తీసేయకండి, అక్కడే మొదలవుతుంది. 2019లో కాస్టెల్ సాంటాంజెలో కోట దగ్గర ఇద్దరు జపాన్ టూరిస్టులకు రెండు ప్లేట్ల స్పగెట్టికి, నీళ్ళకి దాదాపు 430 యూరోల బిల్లు వేశారు. అందులో 80 సర్వీసు కింద. ఇటలీ పేపర్లన్నిట్లో వచ్చింది.

గుంటూరు_పద్మ:
అది ట్రాస్తెవెరే కాదు కదా. అవతలి ఒడ్డున ఇంకెక్కడో జరిగినదానికి ఈ పేటని తిడితే ఎలా?

తురిన్_కుర్రాడు:
కాస్టెల్ ఉన్నది అవతలి ఒడ్డున కాదు, ట్రాస్తెవెరే ఉన్న ఒడ్డునే. మ్యాప్ చూడండి.

కృష్ణాతీరం:
ఒక్క మాట. పెకొరీనో రొమానో చీజ్ కోసం పాలు విరగ్గొట్టేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. నాన్నగారు మరీ నిష్ఠగా ఉంటే ఉత్త చీజ్, మిరియాలు వేసే కాచో ఎ పెపే పాస్తా కూడా కుదరదు.

విశాఖ_సుధ:
అయ్యో, అది తెలీదు. చీజ్ వరకు సర్దుకుంటారు లెండి, చేప, మాంసం ఉండకూడదు. స్థానికులు తినే చోటు ఏదైనా ఉందా, పేర్లు చెప్పండి.

సికింద్రాబాద్_శీను:
స్థానికులు ఎక్కడున్నారక్కా? ఆ సందుల్లో ఎన్నో ఇళ్ళు మీలాంటోళ్ళకే రూములుగా ఇచ్చేసిన్రు.

గుంటూరు_పద్మ:
చూశారా! ఈ తురిన్ అబ్బాయి మాత్రం "అసలు, అసలు" అంటాడు. ఆయన అసలు ఇష్టం ఏమిటో నాకు తెలుసు. మనలాంటివాళ్ళు అక్కడ కనిపించకూడదు. ఆ రోజు నలుగురం రెండు ప్లేట్లు చెప్పుకుని పంచుకుందామనుకున్నాం. మామయ్యగారు అర ప్లేటు కూడా తినరు. వెయిటర్ మా చేతుల్లోంచి మెనూలు లాక్కుని, పక్క టేబుల్ వాళ్ళకు వినపడేలా ఏదో అన్నాడు. వాళ్ళు నవ్వారు. మామయ్యగారు తల దించుకుని తిన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ ఊరి పేరెత్తితే మాట మార్చేస్తారు. నా బాధ బ్రెడ్ గురించి అనుకుంటున్నారా?

తురిన్_కుర్రాడు:
అలా చేయడం తప్పే. కానీ రెండోవైపు కూడా వినండి. చదువుకునే రోజుల్లో ఒక వేసవి అదే పేటలో ఒక చోట గిన్నెలు కడిగాను. బయట తెలుగు వినిపిస్తే ప్రాణం లేచొచ్చేది, చేతులు తుడుచుకుని తలుపు సందులోంచి చూసేవాణ్ణి. వాళ్ళు చిటికెలేసి వెయిటర్‌ని పిలిచేవాళ్ళు. బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసి టేబుల్ మీద పెట్టేవాళ్ళు. ఒక ప్లేటు చెప్పుకుని గంటన్నర కూర్చునేవాళ్ళు. ఆ టేబుల్‌కి రాత్రికి రెండు బ్యాచ్‌లే పడతాయి, అందులో ఒకటి పోయినట్టే. లోపల అందరూ నా మొహం చూసి నవ్వేవాళ్ళు, "మీవాళ్ళొచ్చారు" అని.

గుంటూరు_పద్మ:
అంటే మీకు సిగ్గేసింది. మీ సిగ్గు కోసం మా మామయ్యగారు రెండు ప్లేట్లు కొని ఒకటి పారేయాలా? ఆవకాయ పెట్టుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

తురిన్_కుర్రాడు:
సిగ్గనుకోండి, ఇంకేమైనా అనుకోండి. హోటల్‌కి వెళ్ళి సొంత పచ్చడి తీస్తే వండినవాడికి ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా. ప్లేటు పంచుకోవాలనుకుంటే అసలు టేబుల్ హోటల్‌కి వెళ్ళకూడదు. అక్కడ తూకానికి పిజ్జా అమ్మే కొట్లు ఉన్నాయి. అడిగినంత కోసి, తూచి, కాగితంలో పెట్టిస్తారు. ఎవడూ మొహం చిట్లించడు.

గుంటూరు_పద్మ:
ఈ మాట మొదటి పోస్టులో చెప్పి ఉంటే అయిపోయేది కదా. అప్పుడు క్రీమ్ గురించి క్లాసు పీకారు.

విశాఖ_సుధ:
ఆ కొట్లు ఏడు లోపు తెరిచి ఉంటాయా?

తురిన్_కుర్రాడు:
పగలే తెరుస్తారు, అక్కడ ఏడున్నర గొడవ లేదు. శాన్ ఫ్రాంచెస్కో అ రీపా వీధిలో సుప్లీ అనే కొట్టు చూడండి. పిజ్జా తీసుకోండి. సుప్లీ అంటే టమాటా అన్నం ఉండల్లో చీజ్ పెట్టి వేయించేది, మామూలుగా మాంసం సాస్ కలుపుతారు, అడగకుండా నాన్నగారికి పెట్టొద్దు. గుమ్మడిపూల వేపుడులో ఆంకోవీ చేప దూరుస్తారు, పుంతారెల్లే సలాడ్‌లో కూడా అదే. కూర్చుని తినాలనుకుంటే పెన్నే అర్రబ్బియాతా అనే పాస్తా చెప్పండి. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప. ఇదీ రోమ్ వంటే. దాంతో చికోరియా రిపస్సాతా, మన తోటకూర వేపుడు లాగే వెల్లుల్లి, మిరప వేసి చేస్తారు. ఏప్రిల్‌లో ఆర్టిచోక్‌లు, అంటే కూరగా వండుకునే ఒక రకం పూమొగ్గలు, కూడా ఉంటాయి. కార్చోఫి అల్లా రొమానా అడగండి, పుదీనా వేసి నూనెలో మగ్గబెడతారు.

కృష్ణాతీరం:
పిజ్జాకైతే వియాలే దీ ట్రాస్తెవెరే అనే రోడ్డులో ఐ మార్మి అనే హోటల్ కూడా ఉంది. పాలరాతి బల్లలు చూసి రోమన్లు దాన్ని శవాగారం అంటారు.

మిర్చిబజ్జీ:
ఈ ముక్క అమ్మగారికి తిన్నాక చెప్పండి.

విశాఖ_సుధ:
అందరికీ థాంక్స్. మొదటి రాత్రి తూకం పిజ్జా, తర్వాత అర్రబ్బియాతా. పద్మగారూ, ఆవకాయ సంగతి ఏం చేయమంటారు? అమ్మ ఇప్పటికే ప్యాక్ చేసింది.

గుంటూరు_పద్మ:
తీసుకెళ్ళండి. రూమ్‌లో కూర్చుని పిజ్జా మీద వేసుకోండి, అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. హోటల్లో బ్రెడ్ బుట్ట రాగానే మాత్రం వెనక్కి పంపేయండి.

తురిన్_కుర్రాడు:
పంపే ముందు మెనూలో "పానే" రేటు ఉందో లేదో చూడండి. లేకపోతే బుట్ట ఉంచుకుని తినేయండి, డబ్బులడిగితే ఇవ్వొద్దు.