మెట్రిక్ అయ్యాక ఐటిఐ ఎలక్ట్రీషియన్‌కి పంపనా, ప్లస్ టూ సైన్స్‌లో వెయ్యనా?

గుణుపురం_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం దగ్గర పల్లె, ఒడిశాలో రాయగడ జిల్లా. ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం ఒడియా. మా అబ్బాయి ఈ ఏడు మెట్రిక్ పాసయ్యాడు, మార్కులు మరీ గొప్పగా కాదు గానీ లెక్కల్లో బాగానే వచ్చాయి. వాడికి ఐటిఐలో ఎలక్ట్రీషియన్ చెయ్యాలని ఉంది. సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి రోజూ బజార్లో మోటార్లు చుట్టే షాపుకెళ్ళి కూర్చుంటాడు, ఇంటికొచ్చాక ఎంత కడిగినా చేతుల వార్నిష్ వాసన పోదు, అన్నం తినేటప్పుడు కూడా వస్తుంది. అటక మీద పడేసిన టేబుల్ ఫ్యాను దించి వాడే తిరిగేలా చేశాడు.

గొడవ ఎక్కడంటే మా బావగారు ఒప్పుకోవట్లేదు. మొన్న పెళ్ళిలో నలుగురి ముందూ "మనింట్లో అందరం డిగ్రీలు చదివాం, వీడి చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తావా" అనేశారు. ఆయన కొడుకు బీటెక్ అయి మూడేళ్ళు, ఇంకా ఇంట్లోనే ఉండి పరీక్షలు రాస్తున్నాడు. ఆ పిల్లాణ్ణి తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు, బంగారం లాంటి పిల్లాడు, వాణ్ణి చూస్తే నాకే కడుపు తరుక్కుపోతుంది, అందుకే మావాడి విషయంలో ఇంత ఆలోచిస్తున్నా.

ఇంకోటి, ఒక ప్రైవేట్ ఐటిఐ తరఫున ఒకాయన ఇంటికొచ్చి క్లాసులకి రానక్కర్లేదు పరీక్షకి వస్తే చాలు సర్టిఫికెట్ చేతిలో పెడతాం అన్నాడు. మా ఆయన సగం మెత్తబడ్డారు. లేకపోతే ఆంధ్రలో పార్వతీపురం వైపు చేర్పిస్తే తెలుగులో చెప్తారేమో అని కూడా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_ఫిట్టర్:

అక్కా, ఆ వచ్చినాయన్ని మళ్ళీ గడప తొక్కనివ్వకండి. నేను సరిగ్గా అలాంటి చోటే ఫిట్టర్‌లో చేరాను, పేరు వద్దులెండి. రెండేళ్ళలో లేత్ మిషన్ మీద కప్పిన టార్పాలిన్ తీసింది ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చినరోజే. సర్టిఫికెట్ వచ్చింది, చేతికి పని రాలేదు. తర్వాత ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరితే అక్కడి పెద్దాయన ఒక ఇనప ముక్క, ఆకురాయి ఇచ్చి నాలుగు పక్కలూ మూల మట్టానికి రాపాడమన్నారు. రాపాడి, మూల సరిగ్గా ఉందో లేదో చూసే ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే ఆ సందులోంచి సన్నగా వెలుతురు వస్తుంది, వెలుతురు కనిపించినంతసేపూ పని అవ్వనట్టే. నాకు తొమ్మిది రోజులు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. ఆకురాయి పళ్ళలో పొడి ఇరుక్కుని గీతలు పడకుండా ముందు సుద్ద రాయాలని కూడా నాకప్పటికి తెలీదు, అది ఐటిఐలో మొదటి నెలలోనే నేర్పాల్సిన విషయం. అంటే నా రెండేళ్ళు పోయినట్టే కదా.

అందుకని ముందు గవర్నమెంట్ ఐటిఐకే ట్రై చెయ్యండి, ఒడిశాలో అప్లికేషన్ అంతా శామ్స్ అనే గవర్నమెంట్ అడ్మిషన్ల పోర్టల్‌లోనే. ప్రైవేట్‌లో వెయ్యాల్సి వస్తే ఆ ట్రేడ్‌కి, అంటే ఎలక్ట్రీషియన్ కోర్సుకి, కేంద్రం గుర్తింపు (అందరూ ఎన్‌సివిటి అనేది అదే) ఉందో లేదో చూసుకోండి, కాలేజీకి ఉంటే సరిపోదు, ట్రేడ్‌కి కూడా ఉండాలి. ఎన్‌సివిటి సర్టిఫికెట్ దేశమంతా ఒకటే, పార్వతీపురంలో తీసుకున్నా రాయగడలో తీసుకున్నా దానికుండే విలువ మారదు, భాష కోసం బోర్డర్ దాటక్కర్లేదు. ఎక్కడ చదివినా సగం మాటలు ఇంగ్లీషువే.

ఐటిఐ అయ్యాక అప్రెంటిస్ మాత్రం వదలొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే. మన పక్కనే సునాబెడలో విమానం ఇంజిన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది, దామన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో ఉంది. 2019 రూల్స్‌లో ఐటిఐ పాసైనవాళ్ళకి స్టైపెండ్ కనీసం నెలకి 7000 అని పెట్టారు. తక్కువే, కానీ ఆ ఏడాది పని చేతికి వచ్చేస్తుంది.

కొరాపుట్_నాన్న:

అందరూ ఒకవైపే చెప్తే ఆవిడకి అన్యాయం చేసినట్టు అవుతుంది కాబట్టి రెండోవైపు నేను చెప్తాను. మా తమ్ముడు వెల్డర్. పనిమంతుడే, కానీ ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టర్ కిందే, ఫ్యాక్టరీ ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పని ఉన్నప్పుడు పన్నెండేసి గంటలు, లేనప్పుడు ఇల్లే. కళ్ళు ఎర్రబడి రాత్రి నిద్రపట్టక కూర్చుంటే మా అమ్మ బంగాళదుంప చక్రాలు కోసి కళ్ళమీద పెట్టేది. మంచి హెల్మెట్, గ్లవుజులు అడిగితే నీ డబ్బులతో కొనుక్కో అన్నవాళ్ళే ఎక్కువ. చేతిపనికి గౌరవం ఇవ్వాలని మనం మాటలు చెప్పుకుంటాం, జీతం చీటీ దగ్గరికొచ్చేసరికి ఆ గౌరవం కనపడదు. ఇది దాచి పిల్లల్ని పంపకూడదు.

అలా అని వద్దనట్లేదమ్మా. పైకెళ్ళే దారి మూసుకోకుండా పంపించండి అంటున్నా. ఎలక్ట్రీషియన్ రెండేళ్ళ కోర్సు, అది అయ్యాక లేటరల్ ఎంట్రీలో డిప్లొమా రెండో సంవత్సరంలో చేరొచ్చు, అక్కణ్ణుంచి బీటెక్ కూడా వెళ్ళొచ్చు. ఎన్‌ఐఓఎస్ అనే ఓపెన్ స్కూల్ నుంచి పేపర్లు రాసి ప్లస్ టూకి సమానమైన సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవచ్చు. మీ బావగారికి ఈ మాట చెప్తే సగం కోపం తగ్గుతుంది, ఆయన భయం చదువు ఇక్కడితో ఆగిపోతుందనేమో. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి కూడా మెట్రిక్ మీద ఐటిఐ ఉంటే అప్లై చెయ్యొచ్చు, ప్లస్ టూ ఒక్కటే ఉంటే కుదరదు. రాయగడ రైల్వే డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయిందని మనవాళ్ళు చాలా ఆశ పెట్టుకున్నారు గానీ డివిజన్ వచ్చినంత మాత్రాన ఇంటికొచ్చి ఉద్యోగం ఇవ్వరు, పరీక్ష రాయాల్సిందే.

పర్లాకిమిడి_వైండింగ్:

అమ్మా నమస్తే, నాది మోటార్ వైండింగ్ షాపే, మీ అబ్బాయి కూర్చునేలాంటిదే, అందుకే రాస్తున్నా, కాస్త పెద్దదైనా చదవండి. నేను పద్నాలుగో ఏట మా మావయ్య షాపులో చేరాను, ఐటిఐ లేదు ఏమీ లేదు. కాలిన కాయిల్ కోసే ముందు చుట్లు లెక్కపెట్టుకోవడం, మైక్రోమీటర్‌తో తీగ గేజి, అంటే మందం, చూడటం, కాయిల్ కూర్చునే గాడిలో (స్లాట్ అంటాం) కాగితం పెట్టడం, కాయిల్ దింపి చెక్క బద్ద కొట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం అన్నీ చేతికొచ్చేశాయి. సబ్‌మెర్సిబుల్ అయితే ప్లాస్టిక్ పొర ఉన్న తీగని స్లాట్‌లోంచి ఒక్కొక్క చుట్టూ చేత్తో లాగాలి, గీరుకుందా అంతే, నీళ్ళలో దించగానే షార్ట్.

ఇన్నీ వచ్చు, కానీ ఒక రైతు మోటారు ఒకే సీజన్‌లో మూడుసార్లు కాలి వచ్చింది. మూడుసార్లూ చుట్టి డబ్బులు తీసుకున్నాను. మూడోసారి ఆయన ఏమీ అనకుండా లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు, నాట్లప్పుడు నీళ్ళు లేక మడి ఎండిపోయిందని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఐటిఐ చేసిన కుర్రాడు ఒకడు అప్పుడే నా దగ్గర చేరాడు, కాలిన స్టేటర్ (మోటారులో తిరగకుండా కాయిళ్ళు ఉండే భాగం) తిప్పి చూసి అన్నా రెండు ఫేజుల కాయిళ్ళు నల్లగా అయిపోయాయి మూడోది కొత్తదానిలా ఉంది, స్టార్ కనెక్షన్‌లో ఇలా కాలిందంటే లైన్‌లో ఒక ఫేజు పోతోంది అన్నాడు. కాయిళ్ళు కలిపే రెండో పద్ధతి డెల్టా అయితే ఒక్క ఫేజే నల్లబడుతుందట. పొలానికెళ్ళి చూస్తే స్టార్టర్‌లో ఒక కాంటాక్ట్ అరిగిపోయి ఉంది. అది మార్చి, ఒక ఫేజు పోతే మోటారు ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టాం. ఆ మోటారు మళ్ళీ నా షాపు మెట్లెక్కలేదు.

ఎందుకు కాలిందో నాకెవరూ నేర్పలేదమ్మా, ఎలా చుట్టాలో ఒకటే నేర్పారు. మీ అబ్బాయికి చెయ్యి ఇప్పటికే తిరుగుతోంది, ఐటిఐ వాడికి ఆ ఎందుకు అన్నది ఇస్తుంది. అందుకే క్లాసుకి వెళ్ళక్కర్లేని సర్టిఫికెట్ అసలు వద్దు, ఆ క్లాసే మీ అబ్బాయికి కావల్సింది. షాపుకి సెలవురోజుల్లో వెళ్ళనివ్వండి, మాన్పించకండి. కోర్సు అయ్యాక ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వర్క్‌మన్ పర్మిట్ తీసుకోమనండి, నాకది లేక ఎన్ని వైరింగ్ పనులు పోయాయో లెక్కలేదు.

బరంపురం_చెల్లి:

ఆంటీ నేను బరంపురం గవర్నమెంట్ ఐటిఐలో చదివాను, పాత ఇనప సామానుతో శిల్పాలు చేస్తారని పేరుంది కదా అక్కడ. మాకు ఆడపిల్లలకి అప్పుడు ఒడిశా గవర్నమెంట్ సుదక్ష్య పథకం వల్ల ఫీజు బాధ ఉండేది కాదు. మా వీధిలో "అమ్మాయికి స్పానర్ ఏంటి" అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, ఇప్పుడు వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఆగితే నాకే ఫోన్ వస్తుంది. అబ్బాయిని చేర్చే ముందు మీరూ అంకుల్ ఒకసారి వర్క్‌షాప్‌లోకి వెళ్ళి చూడండి. పిల్లల డాంగ్రీలకి గ్రీజు ఉందా, మిషన్ల కింద ఇనప రజను పడి ఉందా చూడండి. అంతా తుడిచిపెట్టినట్టు ఉంటే మాత్రం అక్కడ పని జరగట్లేదని అర్థం.

గుణుపురం_అమ్మ:

ఇన్ని విషయాలు చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. పర్లాకిమిడి అన్నగారు రాసింది మా ఆయనకి పైకి చదివి వినిపించాను, ఆ రైతు దగ్గరికొచ్చేసరికి ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇంటికొచ్చినాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. బావగారికి డిప్లొమా సంగతి చెప్పాను, సరే చూద్దాం అన్నారు, ఆయన నోటి వెంట ఆ మాట రావడమే ఎక్కువ. సోమవారం ముగ్గురం గవర్నమెంట్ ఐటిఐ వర్క్‌షాప్ చూడ్డానికి వెళ్తున్నాం. మావాడు నిన్న రాత్రి పాత మిక్సీ మోటారు విప్పి చుట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నాడు, మధ్యలో నేను పిలిస్తే లెక్క తప్పిందని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. అన్నగారూ, మిక్సీ తీగ అంత సన్నగా ఉంది కదా, తెగకుండా విప్పడానికి ఏమైనా పద్ధతి ఉందా అని అడగమంటున్నాడు.