జెరేనియం నీళ్లకి 450 రూపాయలా?

మంజీర_తీరం: మా ఆడపడుచు ఇచ్చిన టోనర్ సీసా వెనక్కి తిప్పి చూశాను. పదార్థాల జాబితాలో మొట్టమొదట 'పెలార్గోనియం గ్రావియోలెన్స్ ఫ్లవర్ వాటర్' అని ఉంది. జెరేనియం పూల నీళ్లట. 100 మి.లీ. 450 రూపాయలు. మన పన్నీరుకీ దీనికీ తేడా ఏంటి? చర్మానికి ఏమైనా చేస్తుందా, ఉత్త వాసనేనా?

వేపచెట్టు: వాసనే. ఎక్కువ ఉన్నది ముందు రాయాలి, నిజమే. కానీ ఆ ముందున్నది కూడా 99 శాతం పైన నీళ్లే కదా! ఉత్త 'ఆక్వా' (అంటే నీళ్లు) అని రాస్తే 450 ఎవరిస్తారు?

మదనపల్లె_మడి: నేను ఎకరంన్నరలో జెరేనియం వేశాను. ముందు ఆ 'పూల' అన్న మాట పక్కన పెట్టండి. మాకు పూలతో పనే లేదు, నూనె ఉండేది ఆకులో. ఒక ఆకు నలిపితే వేళ్లకి గులాబీ వాసన పట్టుకుంటుంది, సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. కోసిన కొమ్మలు కాస్త వాడనిచ్చి, ట్యాంకులో తొక్కి, కింద నుంచి ఆవిరి పట్టిస్తాం. అది చల్లబడి సెపరేటర్‌లోకి దిగాక పైన పచ్చటి నూనె తేలుతుంది, కింద నీళ్లు నిలుస్తాయి. టన్ను ఆకుకి కిలో నూనె దిగితే ఆ రోజు పండగే. నీళ్లు మొదట్లో కాలవలోకి వదిలేసేవాణ్ణి. వాటిలోనూ కొంచెం నూనె కరిగి ఉంటుందని తెలిశాక మళ్లీ ట్యాంకులోకే పోస్తున్నా. ఉత్త నీళ్లని నేననను గానీ 450 అంటే మాత్రం నవ్వొచ్చింది.

బెంచిమీద_బీకరు: క్రీములు తయారుచేసే చోట నా ఉద్యోగం. వేపచెట్టు గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటా. ఆ కరిగిన కాస్తలో ముఖ్యమైనవి సిట్రోనెలోల్, జెరానియోల్, లినలూల్ అనే వాసన పదార్థాలు. గులాబీలోనూ మొదటి రెండూ ఉంటాయి. పన్నీరు గుర్తొచ్చేదీ, గులాబీ నూనెలో జెరేనియం నూనె కల్తీ చేసేదీ అందుకే. పడనివాళ్లకి దురద, దద్దుర్లు తెప్పించేవీ ఇవే. యూరప్‌లో రాసుకుని కడగకుండా వదిలేసే వాటిలో ఇవి 0.001 శాతం దాటితే పేర్లు విడిగా రాయాల్సిందే. 'సహజం కాబట్టి అందరికీ పడుతుంది' అంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. నూనె మీద చేసిన పరీక్షలు చూపించి నీళ్లు అమ్మడం ఇంకో తమాషా.

ఇంకోటి, ఇవి నిల్వ ఉండవు. ప్రిజర్వేటివ్ కలపని డబ్బా ఒకటి మా బల్ల మీద మర్చిపోయాం. మూడో వారానికి అందులో దూది పోగులాంటిది తేలింది. మూత తీస్తే గులాబీ లేదు, తడిసిన గోనెసంచి కంపు!

వేపచెట్టు: అయితే ప్రిజర్వేటివ్ ఉన్నదే నయమంటారు. ఇన్నాళ్లూ అది లేని సీసాలే వెతికి కొన్నాను, ఖర్మ.

మంజీర_తీరం: ఇప్పుడే కళ్లజోడు పెట్టుకుని చూశా. చివర్లో సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్, దాని పక్కనే లినలూల్, జెరానియోల్ ఉన్నాయి. మోచేతి లోపల రాసి రెండు రోజులు చూస్తా. మదనపల్లె అన్నా, మీ దగ్గర రెండు లీటర్లు అమ్ముతారా?

మదనపల్లె_మడి: ఇవ్వనమ్మా. ఆ నీళ్లు పట్టే డ్రమ్ములో మొన్నటిదాకా పొలానికి పేడ, గోమూత్రంతో జీవామృతం కలిపాం. కడిగాంలే, అయినా ముఖానికి వద్దు.