విమర్శ రాస్తూనే విలువ కట్టడం: ఇది రెండు పడవల ప్రయాణమా?

అందరికీ నమస్కారం. కళా చరిత్రలో ఎంఏ అయింది, రెండేళ్లుగా చిన్న పత్రికలకు ఎగ్జిబిషన్ సమీక్షలు రాస్తున్నాను. విదేశాల్లో విమర్శ రాస్తూనే కళాఖండాలకు విలువ కట్టే పని కూడా చేయాలనుంది, కానీ ఏ దారి పట్టాలో తేలడం లేదు.

నన్ను ఇటు లాగింది లియొనార్డో డావిన్చీదని చెప్పే క్రీస్తు చిత్రం 'సాల్వేటర్ ముండి' కథ. 2005లో 10 వేల డాలర్ల లోపే చేతులు మారిన బొమ్మ, 2017లో క్రిస్టీస్ వేలంలో 45 కోట్ల డాలర్లు పలికింది. మధ్యలో మరమ్మతు జరిగింది, నిజమే. కానీ అసలు ధర పెంచింది నిపుణుల మాట. అది లియొనార్డో స్వయంగా గీసిందా, శిష్యులదా అన్న గొడవ ఇంకా తెగనేలేదు!

లండన్‌లోని కోర్టాల్డ్ లాంటి కళా చరిత్ర విద్యాసంస్థలో మళ్లీ చదవడమా, వేలం సంస్థలో కేటలాగింగ్ (వేలానికొచ్చే వస్తువుల వివరాలు రాసే) పనితో మొదలెట్టడమా? ఏది ముందు?

అసలు చిక్కు వేరే. అమెరికాలో విలువ కట్టే వృత్తికి ఉన్న యూస్‌పాప్ (USPAP) అనే ప్రమాణాల ప్రకారం అప్రైజర్, అంటే విలువ కట్టే నిపుణుడు, తాను కట్టిన విలువలో ఇంత శాతమని ఫీజు తీసుకోకూడదు. మరి అదే మనిషి విమర్శలు రాస్తే? ఈ నెల మెచ్చుకున్న చిత్రకారుడి బొమ్మకే వచ్చే నెల విలువ కట్టాల్సి వస్తే మీరైతే ఏం చేస్తారు? నాకది తప్పనిపిస్తోంది. కానీ విమర్శనే నమ్ముకుంటే పూట గడవదని సీనియర్లంటారు.

ఇంకోటి, భాష. బొమ్మ ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్లిందో వెతకాలంటే పాత కేటలాగులు, ఉత్తరాలు చదవాలి కదా. ముందు ఫ్రెంచ్ నేర్చుకోనా, జర్మనా? నాజీలు దోచుకున్న కళాఖండాల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.