ఆంబర్ వ్యాలీకి కెనడా ఆశ్రయం ఇచ్చిందా, లేదా?

విహారి: కెనడా పశ్చిమాన ఆల్బెర్టా రాష్ట్రంలో, అథబాస్కా పట్నానికి తూర్పున, ఆంబర్ వ్యాలీ అనే రైతుల ఊరు ఉండేది. 1910, 1911లో అమెరికాలోని ఓక్లహోమా నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు అడవి కొట్టి కట్టుకున్న ఊరు. ఓక్లహోమాలో వాళ్లకు రైల్లో వేరే పెట్టె, పిల్లలకు వేరే బడులు, ఓటు లేకుండా చేసే చట్టం. కెనడాలో 10 డాలర్లు కడితే 160 ఎకరాలు. దీన్ని ఆశ్రయం అనే అంటాను.

రమ: ఆ మాట నాకు మింగుడు పడదండి. వీళ్లను రానివ్వద్దని ఆల్బెర్టా రాజధాని ఎడ్మంటన్‌లో మూడు వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. 1911 ఆగస్టు 12న కెనడా ప్రధాని లోరియే ప్రభుత్వం నల్లజాతివాళ్ల వలసను ఏడాది పాటు ఆపుతూ ఉత్తర్వు రాసింది. ఈ జాతి కెనడా వాతావరణానికి తగదని అందులో కారణం చూపించారు. ముందు వచ్చినవాళ్లు అప్పటికే అక్కడ ఒక చలికాలం బతికి చూపించారు కదా!

విహారి: ఆ ఉత్తర్వు అమలు కాలేదు, అక్టోబరులోనే రద్దయింది. 1911 మార్చిలో ఓక్లహోమా నుంచి ఒక బృందాన్ని నడిపించిన హెన్రీ స్నీడ్ వెంట సుమారు 200 మంది కెనడా సరిహద్దు ఊరు ఎమర్సన్‌కు వస్తే వైద్య పరీక్ష చేసి లోపలికి పంపారు. అదీ లెక్కలోకి రావాలి.

రమ: వస్తుంది. కానీ ఓక్లహోమాకు మనుషుల్ని పంపి, కెనడాకు వెళ్లొద్దు, ఆ చలికి తట్టుకోలేరు అని చెప్పించింది కూడా ఈ ప్రభుత్వమే. చట్టంతో పని లేకుండానే వలస ఆగిపోయింది. ఇక ఆ 160 ఎకరాలంటారా, మూడేళ్లు అక్కడే ఉండి, 30 ఎకరాలు సాగులోకి తెస్తేనే పట్టా. గొడ్డలితో చెట్టు నరకడం ఒక ఎత్తు, దాని వేళ్లు పెకలించడం ఇంకో ఎత్తు, కొన్నిచోట్ల నేల అడుగు వేస్తే దిగబడే చిత్తడి. చేతిలో డబ్బు కోసం మగవాళ్లు కూలికి దూరం వెళ్తే, ఆడవాళ్లే పొలమూ పశువులూ చూసుకున్నారు. ఆశ్రయం వాళ్లు కట్టుకున్నారు, ఎవరూ ఇవ్వలేదు.

సత్యం: ఒక్క మాట. తర్వాత్తర్వాత ఆంబర్ వ్యాలీ ఖాళీ కావడానికీ వివక్షే కారణం అంటే ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రెయిరీల్లో, అంటే పశ్చిమ కెనడా మైదానాల్లో, తెల్లవాళ్ల ఊళ్ల పిల్లలు కూడా పట్నాలకే పోయారు.

రమ: అది నిజం, దాని మీద నాకు పేచీ లేదు.

విహారి: ఆశ్రయం ఇచ్చింది అనే మాట వెనక్కి తీసుకుంటాను. భూమి వాళ్ల పేరు మీద రాసిచ్చారన్నది మాత్రం వదలను, రమగారూ.