అప్‌డేట్: కొత్త ఉద్యోగుల జీతాలపై 80జెజెఎఎ మినహాయింపు వచ్చింది

2024-25లో మా ప్యాకింగ్ యూనిట్‌లో ఆరుగురిని కొత్తగా తీసుకున్నాను, వాళ్ల జీతాల మీద ఆదాయపు పన్ను చట్టం 80జెజెఎఎ సెక్షన్ కింద మినహాయింపు వస్తుందా అని ఇక్కడే అడిగాను. వచ్చిందండీ. "హాజరు పట్టీ తీసుకుని సీఏ దగ్గరికి వెళ్లండి" అన్నవారికి చాలా థాంక్స్, పని జరిగింది దానివల్లే.

సీఏ గారు పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్కరి రోజులు లెక్కపెట్టారు. ఏడాదిలో 240 ఉండాలి. ఏప్రిల్ 1న చేరిన నలుగురికీ సరిపోయాయి. సెప్టెంబరులో చేరిన ఇద్దరికి చాలలేదు. 2025-26లో 240 నిండితే ఆ ఏడాది కొత్తవాళ్లుగా లెక్కలోకి వస్తారట, అది విని ప్రాణం లేచొచ్చింది. నలుగురి ఏడాది జీతం మొత్తం 9,42,000. అందులో 30 శాతం, అంటే 2,82,600, ఆదాయంలోంచి తగ్గింది (పన్నులోంచి కాదు, గమనించండి). ఇంకో రెండేళ్లు కూడా ఇంతే వస్తుంది.

నెల జీతం 25,000 దాటితే ఈ మినహాయింపు రాదు. ఒకరి జీతం 24,500, మా వాటా పీఎఫ్ కలిస్తే ఆ పరిమితి దాటుతుందని భయపడ్డాను. ఆ వాటా లెక్కలోకే రాదు. కొత్త పన్ను విధానమూ అడ్డు కాలేదు.

ట్యాక్స్ ఆడిట్ (సీఏ చేత లెక్కల తనిఖీ) ఉన్నవాళ్లకే ఇది. రిటర్న్ గడువుకు నెల ముందే ఫారం 10డిఎ (ఈ మినహాయింపుకు సీఏ ఇచ్చే రిపోర్టు) వేయించుకోండి.