మొదటి మిగ్-21 కిట్: రంగు అయింది, ఇప్పుడు డెకాల్స్ ముందా, వార్నిష్ ముందా?

ప్రశ్న (కావలి)

అందరికీ నమస్కారం. ఇది నా మొదటి ప్లాస్టిక్ కిట్ (ముక్కలు అతికించి రంగు వేసుకునే బొమ్మ విమానం). 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు చెప్పడం టీవీలో చూసి, ఆ వారమే 1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు) కిట్ ఆర్డర్ పెట్టాను. జానెడు విమానానికి నెలన్నర పట్టింది. అతికించడం అయిపోయింది. బ్రష్‌తో యాక్రిలిక్ గ్రే రెండు కోట్లు వేశాను. డెకాల్స్ (నీళ్లలో ముంచి అతికించే గుర్తులు), ప్యానెల్ లైన్లు (విమానం రేకుల మధ్య గీతల్లో రంగు నింపడం), వార్నిష్ మిగిలాయి. ఏది ముందో, ఏది వెనకో తెలియడం లేదు.

ఇంకో టెన్షన్ ఏమిటంటే, నిన్న మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రేను ఒక మిగులు ముక్క మీద కొట్టి చూశాను. పావుగంటలో విభూతి పూసినట్టు తెల్లగా అయిపోయింది. డబ్బా నకిలీదా? ఇక్కడ పెయింట్ షాపులో బైకు ట్యాంకులకు కొట్టే క్లియర్ ల్యాకర్ ఉందంటున్నారు. అది వాడొచ్చా?

జవాబు (నెల్లూరు)

తమ్ముడూ, మిగులు ముక్క మీద కొట్టి చూశావు చూడు, అక్కడే సగం గెలిచావు. నేనైతే నా మొదటి విమానం మీదే కొట్టి ఏడ్చాను.

డబ్బా మంచిదే. తప్పు మన నవంబరుది. స్ప్రేలోని సాల్వెంట్ చకచకా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, ఆ తేమ వార్నిష్ పొరలో చిక్కుకుని తెల్లబడుతుంది. అల్పపీడనం పట్టి ముసురు పోస్తున్నప్పుడు స్ప్రే డబ్బా ముట్టుకోవద్దు. తేమ మీటరు చిన్నది తెచ్చుకో, 60 శాతం దిగువన ఉంటే నిశ్చింత. ఎండ కాసిన రోజు పదకొండు నుంచి మూడు లోపల కొట్టు. తెల్లబడిన ముక్కను పారేయకు. పొడిగా ఉన్న రోజు గ్లాస్ (gloss, అంటే మెరిసే) వార్నిష్ పల్చగా కొట్టి చూడు, చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. ఆగలేనంటే నీటితో కలిసే యాక్రిలిక్ వార్నిష్ మెత్తటి బ్రష్‌తో వేసుకో. దానికి ఈ గొడవ చాలా తక్కువ.

బైకు ల్యాకర్ జోలికి పోవద్దు. అందులో సాల్వెంట్ ఘాటు ఎక్కువ. డెకాల్ ముడుచుకుపోతుంది, నీ యాక్రిలిక్ రంగు కూడా లేచిపోవచ్చు. ఆ ల్యాకర్‌ను పల్చబరిచే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అయితే ప్లాస్టిక్‌నే తినేస్తుంది. ఒకసారి మరక తుడుద్దామని గుడ్డకు అద్ది రెక్క మీద రుద్దాను. రెక్క పాకంలా సాగింది.

ఇక వరస: గ్లాస్ వార్నిష్, డెకాల్స్, మళ్లీ పల్చగా గ్లాస్, ప్యానెల్ లైన్లు, చివర మ్యాట్. మొదటి గ్లాస్ ఎందుకంటే, నీ గ్రే రంగు కంటికి నున్నగా కనిపించినా గరుకే. ఆ గరుకు మీద డెకాల్ అతికిస్తే కింద గాలి మిగిలి, చుట్టూ వెండి రేకులా మెరుస్తుంది. మిగ్ మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వేసి చూడు, ఈ మెరుపు వెంటనే పట్టుబడుతుంది. అందుకే ఆ గ్లాస్ కోటు మానేయకు. మిగతావాటిలో అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

డెకాల్ పని రాత్రి పూట తీరిగ్గా పెట్టుకో. ఒక్కొక్క ముక్కే కత్తిరించు. గోరువెచ్చని నీళ్లలో ఇరవై సెకన్లు ముంచి, తీసి పళ్లెం అంచున పెట్టి ఒక నిమిషం వదిలెయ్. వేలితో తోసి చూస్తే కాగితం మీద దానంతటదే జారుతుంది. జారకపోతే ఇంకాసేపు ఆగు, పీకవద్దు. అతికించే చోట ముందే ఒక చుక్క నీళ్లు పెట్టుకుంటే అటూ ఇటూ జరుపుకోవడానికి వీలుంటుంది. కుదిరాక తడి దూదిపుల్లను మధ్య నుంచి అంచులకు దొర్లించి నీళ్లు బయటికి నెట్టు. ఆ పైన డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం) పల్చగా రాయి. ఐదు నిమిషాల్లో డెకాల్ ముసలివాడి చర్మంలా ముడతలు పడుతుంది. గుండె ఆగినంత పని అవుతుంది కానీ చేయి పెట్టకు, ఆరేసరికి గీతల్లోకి దిగి చదునవుతుంది.

మర్నాడు గ్లాస్ వేసి పూర్తిగా ఆరనివ్వు. తర్వాత ప్యానెల్ లైన్లకు ఎనామెల్ వాష్ (బాగా పల్చటి ఎనామెల్ రంగు). విమానం గ్రే కాబట్టి నల్లది వద్దు, ముదురు బూడిద రంగు చాలు. సన్న బ్రష్ కొసను గీతకు తాకిస్తే రంగు గీత వెంట దానంతటదే పరిగెత్తుతుంది. అది చూడటం కోసమే ఈ పని చేయాలనిపిస్తుంది నాకైతే. పావుగంట ఆగి, ఎనామెల్ థిన్నర్‌లో అద్ది పిండేసిన దూదిపుల్లతో ముక్కు నుంచి తోక వైపు తుడువు. థిన్నర్ కారేలా వద్దు. వార్నిష్ లేని ప్లాస్టిక్ అతుకుల్లోకి దిగితే పగుళ్లు వస్తాయి.

జవాబు (ఒంగోలు)

అన్న చెప్పింది వానకాలం సంగతి. మాకు ఒంగోలులో రోహిణి కార్తెలో దీనికి ఎదురు సమస్య. వడగాలికి స్ప్రే గాలిలోనే ఆరిపోయి మోడల్ మీద ఇసుకలా పడుతుంది. ఎండాకాలం అయితే పొద్దున్నే కొట్టండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఉంచి, బొమ్మకు పక్కన నొక్కడం మొదలుపెట్టి, మీదుగా పోనిచ్చి, అవతల ఆపాలి. ఒక్క ఒత్తైన కోటు కన్నా పల్చటివి మూడు మేలు. మాస్క్ పెట్టుకుని మేడ మీదే కొట్టండి, గదిలో వద్దు.

ప్రశ్న (కావలి)

అన్నా, చాలా థాంక్స్. నాలుగు రోజులకు ఎండ వచ్చింది. గ్లాస్ వేసి డెకాల్స్ పెట్టాను. ఒకటి మడతపడి పోయింది. ఎడమ రెక్క మీద వలయం అంచున కొంచెం వెండి మెరుపు ఉండిపోయింది. మ్యాట్ కొడితే కనపడదా?

జవాబు (నెల్లూరు)

కనపడుతుంది నాయనా, తర్వాత సరిచేయడం ఇంకా కష్టం. సన్నటి సూదితో ఆ మెరిసే చోట నాలుగైదు చిల్లులు పొడిచి, సాఫ్ట్‌నర్ చుక్క వదులు. ఆరాక మళ్లీ ఒకసారి. గాలి పోయి అతుక్కుంటుంది. మడతపడింది మళ్లీ నీళ్లలో వేస్తే కొన్నిసార్లు విచ్చుకుంటుంది. రాకపోతే షీటులో మిగులు వలయాలు ఉన్నాయేమో చూడు.

కాక్‌పిట్ అద్దం గురించి ఎవరూ చెప్పలేదు. దాని మీద మ్యాట్ పడితే పాలగాజు అయిపోతుంది. టేపు వేసి కప్పు, మ్యాట్ ఆరిన మర్నాడు విప్పు. ఇంకా అతికించి ఉండకపోతే పక్కన పెట్టెయ్, చివరికి తెల్ల గమ్‌తో అతికించుకో. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అద్దం లోపల మంచు పట్టినట్టు అవుతుంది.