తోలుబొమ్మల కళాకారుణ్ణి బడికి పిలవాలనుకుంటున్నాం: ఎన్ని రోజులు, ఎంత ఇవ్వాలి, ఏం రాసుకోవాలి?

ప్రశ్న (తెలుగు టీచర్, అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట నుంచి ఒక తోలుబొమ్మల కళాకారుణ్ణి ఎనిమిదో తరగతి పిల్లల కోసం పిలిపించాలని ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా క్లాసులో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. నాకు చాలా బాధేసింది.

రెండేళ్ల కిందట ఒక బృందాన్ని పిలిచాం. గంటసేపు ఆట ఆడారు, శాలువా కప్పాం, ఫొటోలు దిగాం. మర్నాడు పిల్లల్ని అడిగితే "హనుమంతుడు ఎగిరినాడు మేడమ్" అన్నారు. అంతకుమించి ఏమీ లేదు. ఈసారి అలా కాకూడదు. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

జవాబు (సైన్స్ టీచర్, కడప)

మేడమ్, ఒక్కరోజు కార్యక్రమం పెట్టుకోవద్దు. మేము కిందటేడు వారానికి ఒక పూట చొప్పున ఐదు వారాలు చేశాం. మొదటి పూట మేము పిలిచిన కళాకారుడు బొమ్మలు చేతికిచ్చి చూపించారు. మేకతోలును వేడినీళ్లతో శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెడితే వెలుగు దూరేంత పల్చగా ఎలా అవుతుందో చెప్పారు. తర్వాత పిల్లలు అట్ట మీద బొమ్మ గీసి, కత్తిరించి, కీళ్ల దగ్గర దారం కట్టి, వెదురుపుల్లలు పెట్టారు. తోలు, ఉలి వాళ్ల చేతికి ఇవ్వలేదు. ఆయన చిల్లులు కొడుతుంటే చుట్టూ కూర్చుని చూశారు.

నాకు బాగా పనికొచ్చింది నీడల పాఠం. దీపానికీ తెరకూ మధ్య 2 మీటర్లు ఉంచి, బొమ్మను సరిగ్గా మధ్యలో పట్టుకుంటే నీడ రెట్టింపు అవుతుంది. పిల్లలే స్కేలు పెట్టి కొలిచారు. బొమ్మను తెరకు ఆనిస్తే అంచులు స్పష్టంగా కనిపిస్తాయి, వెనక్కి జరిపితే మసకబారతాయి. దీపం మంటకు కొంత వెడల్పు ఉంటుంది కదా, అందుకు. ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన దానికంటే ఆ ఒక్క పూటే బాగా ఎక్కింది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. ఆయన వచ్చారు కదా అని టీచరు స్టాఫ్‌రూముకు వెళ్లకూడదు. ఆయనకు కళ తెలుసు, మన పిల్లలు మనకు తెలుసు. ఇద్దరూ గదిలో ఉంటేనే పని జరుగుతుంది.

జవాబు (తోలుబొమ్మల కళాకారుడు)

మేడమ్, డబ్బు సంగతి మీరే ముందు మాట్లాడండి. మేము మొహమాటంతో అడగలేం. ఒక బడిలో రోజంతా ఉంచుకుని, శాలువా కప్పి, బస్సు ఛార్జీ కూడా ఇవ్వకుండా పంపించారు. ఇంటి దగ్గర ఉంటే ఆ రోజు తోలు లాంప్‌షేడ్ల ఆర్డరు పని అయ్యేది. రోజుకు ఎంత, ప్రయాణానికి ఎంత, సామానుకు ఎంత, మూడూ విడివిడిగా రాయండి. ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి.

నేర్పడానికి ఇద్దరం చాలు. ఆట కావాలంటే మాత్రం పాడేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, ఇంటిల్లిపాదీ రావాలి. దాని లెక్క వేరు.

మీరు తెలుగు టీచరు కాబట్టి ఇంకో మాట. మా ఆటలో నవ్వించే పాత్రలు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వాళ్ల మాటలు పిల్లలతోనే రాయించండి. రాముడి కథ మధ్యలో వాళ్లొచ్చి ఊరి సంగతులు మాట్లాడటం మా ఆటలో ముందు నుంచీ ఉన్నదే. మీ ఊరి బస్సు గురించో, నీళ్ల ట్యాంకు గురించో రాయనివ్వండి.

ప్రశ్న (తెలుగు టీచర్)

అన్నా, మీరు చెప్పింది చదివి సిగ్గనిపించింది. మేమూ ఆరోజు శాలువాతోనే సరిపెట్టాం. ఈసారి అలా జరగదు. హెడ్మాస్టర్ గారు మాత్రం "పాఠాలు ఆపి ఇది ఏ ఆధారంతో చేస్తున్నాం?" అంటున్నారు.

జవాబు (సైన్స్ టీచర్, కడప)

2020 జాతీయ విద్యావిధానం చూపించండి. 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల లాంటి వాళ్ల దగ్గర నేర్చుకోవాలని అందులో ఉంది. మీది ఎనిమిదో తరగతే కాబట్టి సరిగ్గా సరిపోతుంది. తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం కూడా చేయించండి. మా పూర్వ విద్యార్థులు డబ్బు ఇచ్చింది ఆ తీర్మానం చూశాకే.

ఒప్పందం ఒక పేజీ చాలు. మేము ఇలా రాసుకున్నాం: "ఐదు పూటలు. ప్రతి పూటా క్లాసు టీచరు గదిలో ఉంటారు. పారితోషికం, ప్రయాణ ఖర్చు అదే రోజు చెల్లిస్తాం. పిల్లలు చేసిన బొమ్మలు పిల్లలవి. కళాకారుడు తెచ్చిన బొమ్మలు, నమూనాలు ఆయనవి. ఆయన ఒప్పుకోకుండా వీడియో తీయం." ఆఖరి వాక్యం తప్పకుండా ఉంచండి. వాళ్ల నమూనాలు ఫోన్లలో తిరిగితే నష్టపోయేది వాళ్లే.

ప్రశ్న (తెలుగు టీచర్)

హెడ్మాస్టర్ గారు సంతకం పెట్టారు! దసరా సెలవులయ్యాక మొదలు. ఒక్క టెన్షన్ మిగిలింది. మా గది కిటికీలకు తలుపులు లేవు, పగలు చీకటి ఎలా?

జవాబు (తోలుబొమ్మల కళాకారుడు)

అట్టపెట్టెలు విప్పి కిటికీలకు కట్టండి మేడమ్. పైన వెంటిలేటర్ మరిచిపోవద్దు, వెలుగంతా అక్కడి నుంచే వస్తుంది. తెరకు తెల్ల పంచె నేను తెస్తాను.